కొలతకి కుట్టిన సైకిల్

మా ఇంట్లో నా కొలతలు తీసుకుని చేసిన వస్తువు ఏదన్నా ఉందా అని వెతికితే జాకెట్టు ఒక్కటే కనిపిస్తుంది. వంటగది గట్టు బిల్డరు తనకి తోచిన ఎత్తుకి కట్టాడు. పై అలమరలో డబ్బా తియ్యాలంటే నాకు స్టూలు కావాలి. సోఫాలో వెనక్కి ఆనుకుంటే పాదాలు నేలకి తగలవు. అయిదడుగుల ఒక్క అంగుళం మనిషిని. ఇన్నేళ్ళూ వస్తువులకి నేను సర్దుకోవడమే తప్ప అవి నాకు సర్దుకున్నది లేదు. ఈ ఏడాది ఆ జాకెట్టుకి ఒక తోడు వచ్చింది. సైకిల్!

సైకిల్ కొన్నాను అనడం కంటే ఫ్రేము ఎంచుకున్నాను అంటే సరిగ్గా ఉంటుంది. టైర్లు అరిగితే మారుస్తాం. సీటు గట్టిగా ఉంటే మారుస్తాం. హ్యాండిలు, పెడళ్ళు, చైను అన్నీ మార్చుకునేవే. మారనిది ఆ గొట్టాల చట్రం ఒక్కటే. ఎంత లావు టైరు పడుతుందో, సామాను ఎక్కడ కట్టుకోవాలో, మనిషి ఎంత వంగి కూర్చోవాలో అంతా ముందే అది తేల్చేస్తుంది. చీరకి ఫాల్ మార్చుకోవచ్చు, జాకెట్టు మార్చుకోవచ్చు, నేత మార్చలేం కదా. ఇదీ అంతే. ఆ ఒక్క చట్రం కోసం మా ఇంట్లో నాలుగు నెలలు చర్చ నడిచింది.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, మా అపార్ట్‌మెంటులో పొద్దున్నే నడిచే ఆడవాళ్ళం అయిదుగురం ఉన్నాం. మణికొండలో నడక అంటే మీకు తెలిసిందేగా, ఒక పక్క తవ్విన రోడ్డు, ఒక పక్క నీళ్ళ ట్యాంకరు. అందుకని అప్పుడప్పుడూ పిల్లల సైకిళ్ళు అడిగి తీసుకుని నార్సింగి దగ్గర ఔటర్ రింగు రోడ్డు పక్కన వేసిన సైకిల్ ట్రాకుకి వెళ్ళేవాళ్ళం. 2023 అక్టోబరులో తెరిచిన ట్రాకు అది, మొత్తం 23 కిలోమీటర్లు. నెత్తిన సౌర పలకల కప్పు ఉంటుంది కాబట్టి ఎండా వానా బాధ లేదు. అక్కడ తిరిగి తిరిగి ధైర్యం వచ్చాక మాలో ఒకావిడ, "కార్తీకమాసంలో అనంతగిరికి సైకిళ్ళ మీద వెళ్దామా? ఒక రాత్రి అక్కడుండి, స్వామిని చూసుకుని వద్దాం" అంది. అందరం నవ్వాం. నవ్వు ఆగాక ఎవరం కాదనలేదు.

మణికొండ నుంచి అనంతగిరి సుమారు డెబ్బై కిలోమీటర్లు. నార్సింగి మీదుగా అప్పా జంక్షను, అక్కణ్ణించి మొయినాబాదు, చేవెళ్ల, మన్నెగూడ, వికారాబాదు. పాతవాళ్ళు బీజాపూర్ రోడ్డు అంటారు. మర్రిచెట్లకి పేరుపడ్డ దారి. రోడ్డు వెడల్పు చేస్తే ఆ చెట్లు ఏమవుతాయన్న వివాదం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది కూడా. ఆ చెట్ల మధ్య రెండు వరుసల రోడ్డు మీద ఎదురుగా ఒక బస్సు, వెనక నుంచి ఒక లారీ వచ్చాయనుకోండి, సైకిల్ మీద ఉన్న మనిషి తారు దిగి మట్టిలోకి వెళ్ళాల్సిందే. దిగే చోట నాలుగు వేళ్ళ ఎత్తు అంచు, ఆ తరవాత కంకర, గుంటలు.

సన్న టైరుకీ లావు టైరుకీ తేడా తెలిసేది సరిగ్గా అక్కడే. మా అమ్మాయి గేరు సైకిల్ టైరు 25 మిల్లీమీటర్లు, నా బొటనవేలికంటే కాస్త లావు. నున్నటి రోడ్డు మీద దూసుకుపోతుంది. తారు దిగిందంటే మాత్రం అంచుకి కోసుకుంటుంది, కంకరలో జారుతుంది. 50 మిల్లీమీటర్ల టైరులో గాలి తక్కువ కొట్టుకోవచ్చు. సన్నదానికి 90, 100 పాయింట్ల గాలి కావాలి, నా బరువుకి లావుదానికి 35, 40 చాలు. గులకరాయి తగిలితే టైరే కాస్త నొక్కుకుని మళ్ళీ లేస్తుంది, ఆ దెబ్బ మన నడుం దాకా రాదు. గట్టిగా గాలి కొడితేనే బండి వేగంగా పోతుందని మనందరికీ ఒక నమ్మకం. అమెరికాలో యాన్ హైన్ అనే ఆయన బైసికిల్ క్వార్టర్లీ అనే పత్రిక పెట్టి ఏళ్ళ తరబడి టైర్లు పరీక్షించి, గతుకుల రోడ్డు మీద ఆ లెక్క నిలవదని చూపించాడు. మనిషి కుదుపుల్లో పోగొట్టుకునే శక్తి కూడా లెక్కలోదే కదా. నలభై దాటిన నడుములకి ఈ మాట ఎవరూ పరీక్ష చేసి చెప్పక్కర్లేదనుకోండి.

పాతకాలపు తీరు ఫ్రేములు మళ్ళీ ఇష్టపడుతున్నవాళ్ళు ఉన్నారని ఈ వెతుకులాటలోనే తెలిసింది. సన్నటి ఉక్కు గొట్టాలు, కీళ్ళ దగ్గర లగ్గులనే తొడుగులు, ఇత్తడి పోసి అతికిన అతుకులు, లావు టైర్లు, నిండు మడ్‌గార్డులు. పారిస్‌లో రెనే హెర్స్ వంటి పనివాళ్ళు డెబ్బై ఎనభై ఏళ్ళ కిందట దూరప్రయాణాలకి ఇటువంటివే చేసేవారు. ఇప్పుడు కాలిఫోర్నియాలో రివెండెల్ అనే చిన్న కంపెనీ 1994 నుంచీ ఇదే పని మీద ఉంది. ఆ బొమ్మలు కంప్యూటర్లో మా అమ్మాయి చూపిస్తుంటే పక్కనుంచి నాన్న కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇందులో వింతేముందే? ఇది నా సైకిలే" అన్నారు.

నిజమే మరి. నాన్న దగ్గర ఒక హెర్క్యులస్ ఉంది. మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ వాళ్ళు చేసిన సైకిల్. నాన్న రేపల్లె వైపు పల్లెటూళ్ళో లెక్కల మాస్టారుగా చేరిన కొత్తలో కొన్నారు. అమ్మ పోయాక నాన్న మా దగ్గరికి వచ్చేస్తూ రెండు పెట్టెలూ, ఆ సైకిలూ తెచ్చుకున్నారు. 28 అంగుళాల చక్రాలు, ఒకటిన్నర అంగుళం టైర్లు. అంటే దాదాపు 40 మిల్లీమీటర్లు! లావు టైర్లూ, ఉక్కు ఫ్రేమూ, పొడుగాటి చట్రమూ అంటూ ఇప్పుడు వెతుక్కుంటున్నవన్నీ మన పాలవాళ్ళ దగ్గరా, పోస్టుమాన్ దగ్గరా, మాస్టార్ల దగ్గరా ఎప్పణ్ణించో ఉన్నవే. మన పల్లెల దారులు మట్టివి కాబట్టి ఆ సైకిళ్ళు అలా ఉండేవి.

ఆ సైకిల్ బార్ మీద తువ్వాలు చుట్టి, దాని మీద నన్ను కూర్చోబెట్టుకుని నాన్న బడికి తీసుకెళ్ళేవారు. కాలవ గట్టు మీద వెళ్తుంటే ఎక్కాలు అప్పచెప్పించుకునేవారు. పదమూడో ఎక్కం దగ్గర నేను తడబడితే బెల్లు కొట్టేవారు. ఆ బెల్లు ఇప్పటికీ మోగుతుంది.

ఇక చూస్కోండి, ఇంట్లో అందరిదీ ఒకటే మాట. మా వారు, "ఇంత మంచి సైకిల్ బాల్కనీలో పెట్టుకుని కొత్తది ఎందుకు? మామయ్యగారి సైకిల్‌నే బాగుచేయిద్దాం. రంగు వేయిస్తే వింటేజ్ అంటారు జనం" అన్నారు. మా అమ్మాయికి ఆ ఆలోచన తెగ నచ్చేసింది. తాతయ్య సైకిల్ మీద అమ్మ అనంతగిరి వెళ్ళడం అనేసరికి దాని కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. నాన్న పైకేమీ అనలేదు కానీ మర్నాడు పొద్దున్నే చూస్తే బాల్కనీలో పాత బనీను గుడ్డతో పుల్లలు ఒక్కొక్కటీ తుడుస్తున్నారు.

వాళ్ళందరి ముందు నాకు నోరు పెగల్లేదు. ఎందుకంటే ఆ సైకిల్ నాకు పెద్దది. చిన్నప్పుడు అద్దె సైకిళ్ళ మీద అడ్డతొక్కుడు తొక్కిన తరం మనది. బార్ కిందనుంచి కాలు దూర్చి, ఒంటిని ఒక పక్కకి వంచి తొక్కేవాళ్ళం. ఆ వయసులో అది సరదా. నలభై ఆరేళ్ళప్పుడు, వెనక లారీ ఉన్నప్పుడు, ఠక్కున కాలు నేల మీద ఆనకపోతే అది సరదా కాదు. ఆ మాట నాన్నకి చెప్పాలి. చెబితే ఆయన సైకిల్ వద్దన్నట్టు ఉంటుంది. అమ్మ పోయాక ఆయన నాకు ఇవ్వగలిగింది ఏదో ఒకటి దొరికిందని మొహం వెలిగి ఉంది. ఎలా చెప్పను?

ఈలోగా పుప్పాలగూడ రోడ్డులో గేట్లూ గ్రిల్సూ వెల్డింగు చేసే అతన్ని మా వారు పిలుచుకొచ్చారు. అతను సైకిల్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏముంది మేడమ్, ఈ బార్ కోసేసి కిందికి ఒక గొట్టం వేస్తా. లేడీస్ సైకిల్ అయిపోతది" అన్నాడు. నాన్న ఒక్క క్షణం ఆగి, "కోయించెయ్యమ్మా. నాకెందుకిక" అన్నారు. అంటూనే చెయ్యి ఆ బార్ మీద వేశారు. నేను చిన్నప్పుడు కూర్చున్న చోటే.

వద్దన్నాను. ప్రేమ సంగతి పక్కన పెట్టినా, పని పరంగానూ అది సరైంది కాదు. సైకిల్ బలమంతా ఆ త్రికోణంలో ఉంటుంది. పై బార్, కింద గొట్టం, సీటు గొట్టం మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పైది తీసేస్తే మిగిలినవి మెలిపడతాయి. సామాను కట్టుకుని వాలు దిగేటప్పుడు హ్యాండిలు వణుకుతుంది. అందుకే మొదటినుంచీ ఆడవాళ్ళ సైకిల్‌గా చేసిన ఫ్రేములో గొట్టాలు వేరే లెక్కతో వేస్తారు. పైగా నాన్న సైకిల్‌కి ఇనప కడ్డీల బ్రేకులు. రబ్బరు ముక్కలు పైకి లేచి రిమ్ముని లోపలి వైపు పట్టుకుంటాయి. ఉక్కు రిమ్ము తడిస్తే అవి పట్టేదీ అంతంతే. గేర్లు పెడదామంటే వెనక ఫోర్కులో చోటు చాలదు. ఒక్క గేరుకి చేసిన ఇరుకు చోటు అది. ఈ రోజుల్లో గేర్ల చక్రానికి ఇరుసు దగ్గర 135 మిల్లీమీటర్ల వెడల్పు కావాలి. ఉక్కు కాబట్టి కొంచెం సాగదీయచ్చు గానీ అంత సాగదీస్తే చట్రం వంకరపోతుంది.

ఇవన్నీ నేను నాన్నకి చెప్పలేదు. ఆయన్ని లెక్క అడిగాను. "నాన్నా, సైకిల్ సరిపోతుందో లేదో ఎలా కొలవాలట? మీరు కొంచెం చూడండి" అన్నాను. అంతే, లెక్కల మాస్టారు లేచారు. టేపు తెప్పించారు, నోటుపుస్తకం తీశారు. సైకిల్ వాళ్ళు చెప్పే కొలత ఇదీ: చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబడాలి, కాళ్ళ మధ్య ఒక అట్టపుస్తకం సీటులాగా పైకి నొక్కి పెట్టుకోవాలి, దాని పై అంచు నుంచి నేల దాకా కొలవాలి. మా అమ్మాయి కొలిచింది, పక్క గదిలోంచి నాన్న అంకె అడిగి రాసుకున్నారు. 71 సెంటీమీటర్లు. తరవాత తనే బాల్కనీలోకి వెళ్ళి నేల నుంచి బార్ పై అంచు దాకా కొలిచారు. 83. బార్‌కీ మనిషికీ మధ్య రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి అన్నది నియమం. నాకు ఖాళీ లేకపోగా పన్నెండు సెంటీమీటర్లు అప్పు.

నాన్న ఆ తీసివేత రెండుసార్లు చేశారు. పుస్తకం మూసి, "ఇది నీ సైకిల్ కాదమ్మా. నాది" అన్నారు. గొంతులో బాధ లేదు. పిల్లాడి లెక్క సరిపోయినప్పుడు మాస్టారు టిక్కు పెట్టినట్టు అన్నారు. నాకే కళ్ళు చెమర్చాయి. కొలతకి పాత జాకెట్టు ఇచ్చేటప్పుడు ఎంత ఇష్టమైనదయినా అమ్మ జాకెట్టు ఇవ్వం కదా, మనదే ఇస్తాం. ఆ మాటే అన్నాను. నాన్న నవ్వారు.

ఇక బార్ ఉన్న ఫ్రేమా, లేని ఫ్రేమా? ఇది ఆడా మగా తేడా అనే అందరం అనుకుంటాం. 1880ల చివర్లో పొడుగు గౌన్ల కోసం బార్ కిందికి దించిన ఫ్రేములు వచ్చాయి, అప్పణ్ణించీ అది లేడీస్ సైకిల్ అయింది. 1894లో బోస్టన్ నుంచి ఆనీ లండన్‌డెరీ అనే పేరుతో ముగ్గురు పిల్లల తల్లి ఒకావిడ సైకిల్ తీసుకుని ప్రపంచయాత్రకి బయల్దేరింది. మొదట ఆవిడ ఎక్కింది 19 కిలోల ఆడవాళ్ళ సైకిల్. చికాగో చేరేసరికి విసుగెత్తి, అందులో సగం బరువుండే మగవాళ్ళ ఫ్రేముకి మారి, గౌను మానేసి పొట్టి పైజామాలాంటిది తొడుక్కుని వెళ్ళింది.

అంత దూరం ఎందుకు, మన పక్క రాష్ట్రం పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా ఆడవాళ్ళకి సైకిల్ నేర్పించారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దానికి వెన్నుదన్ను. లక్ష మందికి పైగా నేర్చుకున్నారని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. ఆయన రాసిన వాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ఒకటుంది. లేడీస్ సైకిళ్ళు దొరక్క వాళ్ళు జెంట్స్ సైకిళ్ళు కొన్నారట. కొందరు కావాలనే వాటిని ఎంచుకున్నారట. ఎందుకంటే ఆ బార్ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకోవచ్చు! చంకలో పిల్లాడు, వెనక నీళ్ళ బిందెలు ఉన్న తల్లికి బార్ అడ్డం కాదు, అదే కుర్చీ. అది చదివాక నాకు తేటపడింది. బార్ మనం చేసే పనిని బట్టి ఉంటుంది, ఆడా మగా అన్నదాన్ని బట్టి కాదు. నా పిల్లలు బార్ మీద కూర్చునే వయసు దాటిపోయారు. నాకు కావలసింది చుడీదార్ వేసుకున్నా, శుక్రవారం గుడికి చీర కట్టుకున్నా కాలు తేలిగ్గా దాటించగల చట్రం. వెనక క్యారేజీ మీద పదిహేను కిలోలు కట్టినా మెలిపడకూడదు.

ముందు దుకాణాల్లో చూశాం. పాత మోడలులా కనిపించే సైకిల్ ఒకటి మనసు లాగేసింది. లేత ఆకుపచ్చ రంగు, ముందు బుట్ట, తోలు సీటు. కానీ కూర్చుని చూస్తే ముందు ఫోర్కు ఇరుకు. మడ్‌గార్డు ఉండగా 35 మిల్లీమీటర్లకి మించి టైరు పట్టదు. బుట్టలో పూలు పెట్టుకుని ఫొటో దిగడానికి బాగుంటుంది, అనంతగిరికి కాదు. తరవాత పాత ఉక్కు కొండ సైకిల్ ఒకటి చూశాం. 26 అంగుళాల చక్రాలు, రెండంగుళాల టైర్లు, గట్టిదే. చాలామంది దూరప్రయాణాలకి దాన్నే వాడతారు, చవక కూడా. నా ఎత్తుకి సరిపోయిన సైజు దొరికి, చీర సంగతి లేకపోతే నేనూ అదే తీసుకునేదాన్ని.

చివరికి వేరే ఊళ్ళో, కొలతలు పంపితే ఉక్కు ఫ్రేము చేసిచ్చే చిన్న వర్క్‌షాపు ఒకటి దొరికింది. మిక్స్‌ట్ అని ఫ్రాన్సు వాళ్ళ పాత రకం ఒకటుంది. ఒక్క లావు బార్ బదులు రెండు సన్న గొట్టాలు హ్యాండిలు కింద నుంచి ఏటవాలుగా సీటు గొట్టం రెండు పక్కలా దిగి వెనక ఇరుసు దాకా వెళ్తాయి. మధ్యలో పల్లంగా ఉంటుంది కాబట్టి కాలు దాటించచ్చు, వెనక దాకా పట్టుకుని ఉంటుంది కాబట్టి గట్టి. లావు టైరు పట్టేలా చేస్తానన్నాడు ఆ అబ్బాయి. ఏమేం కొలతలు కావాలో రాసి పంపాడు. కాలి పొడుగు, చెయ్యి పొడుగు, భుజాల వెడల్పు, పాదం. అచ్చం టైలరే!

అతనికి ఏమేం చెప్పామో రాస్తాను. మీలో ఎవరైనా కొనాలనుకుంటే పనికొస్తుంది.

చక్రం 26 అంగుళాలది అడిగాం. నాలాంటి పొట్టివాళ్ళ ఫ్రేముకి పెద్ద చక్రం పెడితే మలుపులో కాలి బొటనవేలు ముందు చక్రానికి తగులుతుంది. ఇక్కడ ఒక కిటుకుంది. 26 అని రాసి ఉన్న టైర్లన్నీ ఒకటి కాదు. టైరు పక్కన చిన్న అక్షరాలతో మిల్లీమీటర్ల అంకె ఉంటుంది, 559 అనో, 584 అనో, 590 అనో. ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. కొండ సైకిళ్ళది 559. చిన్న ఊళ్ళో సైకిల్ షాపులో కూడా దొరుకుతుంది కాబట్టి నేను అదే అడిగాను. టైరుకి రెండు పక్కలా కనీసం 6 మిల్లీమీటర్లు, పైన మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య సెంటీమీటరుకి తక్కువ కాకుండా ఖాళీ ఉండాలి. లేకపోతే వానలో ఎర్రమట్టి ఇరుక్కుని చక్రం తిరగదు.

వెనక చక్రాన్ని పట్టుకునే గొట్టాలు 45 సెంటీమీటర్ల పొడుగు అడిగాం. అవి పొట్టిగా ఉంటే తొక్కేటప్పుడు మడమ వెనక సంచికి కొట్టుకుంటుంది. ఇరుసు దగ్గర చెవుల్లాంటి చిన్న కంతలు ఉండాలి, క్యారేజీ మరలు బిగించేది అక్కడే. ఇది నాన్న పట్టుబట్టి రాయించారు. "క్యారేజీ లేని సైకిలు పీట లేని పెళ్ళి" అని ఒక సామెత కూడా అప్పటికప్పుడు కట్టారు. నిండా చైన్ కవరు, వెనక చక్రానికి చీర చిక్కుకోకుండా వల నేను అడిగినవి. గొట్టం క్రోమోలీ అనే ఉక్కు. మామూలు ఇనుముకంటే పల్చటి గొట్టంతో అంత బలమూ వస్తుంది. పగిలినా అతికేవాళ్ళు దొరుకుతారు.

డబ్బు సంగతీ చెప్పాలి కదా. నా చీటీ పాట డబ్బు అరవై వేలు ఉంది. ఫ్రేము, చక్రాలు, గేర్లు, కూలీ అన్నీ కలిపి అందులోనే సరిపెట్టాను. "ఈ డబ్బుకి పాత స్కూటీ వస్తుంది" అన్నారు మా వారు. "స్కూటీ ఉందిగా అండీ. అది పెట్రోలు తాగి నన్ను మోస్తుంది. ఇది నా కాళ్ళతో నడుస్తుంది" అన్నాను. ఆయనింక మాట్లాడలేదు. పెట్టె వచ్చిన రోజు మాత్రం ఆఫీసుకి సెలవు పెట్టి, మరలన్నీ తనే బిగించారు.

కార్తీకంలో అయిదుగురిలో నలుగురం వెళ్ళాం. మా అమ్మాయి తోడు వచ్చింది. చేవెళ్ల దాటాక ఒక మర్రి కింద లారీ హారన్ కొట్టింది. మట్టిలోకి దిగాను. హ్యాండిలు కొంచెం వణికింది, అంతే. చక్రం జారలేదు. కాలు ఆనించి ఆగాను, నేల అందింది. ఇంత చిన్న విషయానికి మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. వికారాబాదు దాటాక ఎత్తు మీద రెండుసార్లు దిగి తోసుకుంటూ నడిచాను. అందులో నామోషీ ఏమీ లేదు. మూసీ పుట్టిన కొండ అది, ఎక్కడం కష్టంగానే ఉంటుంది. అనంత పద్మనాభస్వామి గుడి మెట్ల దగ్గర సైకిల్ ఆనించి దణ్ణం పెట్టుకున్నప్పుడు మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, నడుం నొప్పి మాత్రం లేదు.

నాన్న సైకిల్ ఏమైందని అడుగుతారని తెలుసు. మా వాచ్‌మన్ తమ్ముడు ఆరడుగుల మనిషి, కోకాపేటలో కట్టుబడి పనికి రోజూ నడిచి వెళ్ళేవాడు. "నిలబెట్టిన సైకిలు టైర్లు పగిలి చస్తుందమ్మా, తొక్కేవాడి దగ్గరుంటే బతుకుతుంది" అని నాన్నే పిలిచి ఇచ్చేశారు. బార్ కోయలేదు, రంగు వేయలేదు. ఆదివారం పొద్దున్నే అతను కిందకి తెస్తే నాన్న దిగి చైనుకి నూనె వేసి, బ్రేకులు చూసి పంపిస్తారు. అతని చిన్న కూతురు తువ్వాలు చుట్టిన ఆ బార్ మీద కూర్చుని గేటు దాకా వెళ్తుంది.

అనంతగిరికి రాలేకపోయిన అయిదో ఆవిడ నిన్న మధ్యాహ్నం వచ్చి, "నాకూ సరిగ్గా నీలాంటిదే చేయించిపెట్టవా? రంగు కూడా అదే" అంది. ఆవిడ అయిదడుగుల ఆరంగుళాల మనిషి. సొరుగులోంచి టేపు తీశాను. నాన్న అప్పటికే నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన ఆవిడ ఫ్లాటు నంబరు రాస్తున్నారు.